ఓడమ్మ గొంతు: మూసి ఉంచిన కిటికీ

పోయిన వారం మన చెవులమ్మాయి పచ్చచుక్క పెట్టనని మొండికేసి కూర్చుంది, గుర్తుంది కదా.

గుర్తు లేనివాళ్ళకీ, పత్రిక ఈ వారమే చేతికందినవాళ్ళకీ రెండు ముక్కలు చెప్తాను. మాటలు వచ్చిన అంతరిక్ష ఓడ కథతో, ఒకప్పుడు పిల్లా పెద్దా ఎగబడి చూసిన 'చుక్కల ఓడ' సినిమాలు అయిదూ కలిపి, ఒకే పెట్టెలో డిస్కులుగా తెస్తున్నారు. తెచ్చేది ఆ సినిమాలు తీసిన పాత ప్రొడ్యూసరు గారి కొడుకు. ఆయన కంపెనీలో మన అమ్మాయిది చెకింగ్ పని. మొదటి బొమ్మ నుంచి చివరి పేరు దాకా డిస్కు ముందు కూర్చుని చూడాలి, వినాలి. ఎక్కడా గీత లేదు, గరగర లేదు అని తేలాక కవరు మీద ఒక పచ్చచుక్క స్టిక్కరు అంటించాలి. చుక్క పడందే ఏ డిస్కూ అచ్చుకి పోదు. చీమ తుమ్మినా పట్టేస్తుందని ఆఫీసులో అందరూ ఆమెని చెవులమ్మాయి అంటారు. మూడో భాగం చివర్లో ఓడ చెప్పే వీడ్కోలు మాట పాతది కాదనీ, ఎవరో కొత్త పిల్ల చేత చెప్పించి అతికించారనీ ఆ చెవులకే దొరికింది. మిగతా నాలుగింటికీ చుక్క పెట్టి, మూడోదాన్ని పక్కకి తోసేసింది. ఎందుకంటే ఆ ఓడకి గొంతిచ్చింది వేరెవరో కాదు, సాక్షాత్తూ ఆమె అత్తగారు, జనం ఓడమ్మ అని పిలుచుకునే ఆవిడ.

"రేపు పొద్దున నా గదికి రా. చుక్కన్నా తెచ్చుకో, రాజీనామా అన్నా తెచ్చుకో," అన్నాడు యజమాని.

ఆమె రెండూ తేలేదు. అత్తగారిని తెచ్చింది.

ఎవరు ఎవరిని తెచ్చారంటే చెప్పడం కష్టమేననుకోండి. ఆటోలోంచి ముందు దిగింది ఓడమ్మే. పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తీయని చీర కట్టింది. బస్సెక్కితే ఆవిడకి కడుపులో తిప్పుతుంది, అందుకని ఆటో. ఆ ఆటోవాడు వెనక సందులోంచి తీసుకొచ్చి వెనక గుమ్మం దగ్గర దింపాడు. రోజూ అయితే చెవులమ్మాయి ముందు వైపున్న బస్టాండులో దిగుతుంది. దిగగానే అక్కడి మైకులోంచి ఒక ఆడగొంతు బస్సుల వివరాలన్నీ చెప్పి, చివర్న తన సొంతంగా "జాగ్రత్తగా వెళ్ళిరండి" అని ఒక మాట కలుపుతుంది. ఆ మాట తనకే చెప్పినట్టుండేది ఆమెకి. ఈ రోజు అది వినకుండా పనిలోకి రావడం, ఇంట్లో తాళంచెవి మర్చిపోయి వచ్చినట్టుంది. దానికి తోడు పాపని పక్కింటి పిన్ని దగ్గర వదిలొచ్చింది. పాలసీసా మూత గట్టిగా పెట్టానా లేదా అని ఒక పక్క మనసు అక్కడే కొట్టుకుంటోంది.

"అత్తయ్యా, కాస్త మెల్లిగా మాట్లాడండి. ఆయన అసలే కోపంగా ఉన్నారు."

"నువ్వు మాట్లాడుతున్నావుగా మెల్లిగా, చాలదూ? దేవుడు నీకు చెవులిచ్చి గొంతు మర్చిపోయాడే. నువ్వు అరిస్తే కూడా నీ వెనకున్న పిల్లి లేవదు."

ఆ ఇంట్లో ఇది రోజూ ఉండేదే. లోకంలోని పిల్లలందరికీ చుక్కల మధ్య జోకొట్టిన గొంతు, కోడలికి మాత్రం 'గిన్నె అడుగు మాడ్చావు', 'బట్టలు ఆరేశావా, పారేశావా' అని వినిపిస్తుంది. మొదట్లో కోడలు గదిలోకెళ్ళి ఏడ్చేది. తర్వాత్తర్వాత, ఓడే తిడుతోంది కదా పోనీలే అని సర్దుకుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న రాత్రి డ్యూటీలకి పోతే, ఆ మూడో భాగం క్యాసెట్టు చివర్లో ఓడ చెప్పే మాట విని నిద్రపోయిన పిల్ల అది. ఆ గొంతున్న ఇంటికి కోడలిగా వెళ్తున్నానని తెలిసిన రోజు పెళ్ళికొడుకు ఫోటో కూడా సరిగ్గా చూడలేదు.

వెనక గుమ్మంలోంచి లోపలికొస్తే పొడుగాటి హాలు. బల్లల మీద రేకు పెట్టెలు వరసగా పెట్టి, లోపల మెత్తలు అతికిస్తున్నారు పనివాళ్ళు. పెట్టె అచ్చం సినిమాలో ఓడ లాగే ఉంటుంది. ముక్కు దగ్గర నొక్కితే పైమూత తెరుచుకుంటుంది. ఒకళ్ళూ తలెత్తి చూడలేదు.

"యజమాని గది ఎటమ్మా?" అంది ఓడమ్మ.

ఆ మాటలో ఏముంది? ఏమీ లేదు. కానీ అతికించే చేతులు అతికించినట్టే ఆగిపోయాయి. మూలనున్న నెరిసిన జుట్టు గుమస్తా కళ్ళజోడు తీసి, టీచరు క్లాసులోకి వచ్చినప్పటి పిల్లాడిలాగా లేచి నిలబడ్డాడు. "ఓడ!" అని ఎవరో గొణిగారు. ఒకావిడ గమ్ము చేత్తోనే నోరు మూసుకుంది, తర్వాత నాలుగు సార్లు తుడుచుకుంది.

"మెట్లెక్కి కుడివైపమ్మా," అన్నాడు గుమస్తా. ఆయన గొంతులో పదేళ్ళ పిల్లాడు పలికాడు.

"చూశావా," అంది ఓడమ్మ మెట్లెక్కుతూ కోడలితో. "నువ్వూ ఉన్నావు. ఇన్నాళ్ళుగా ఇక్కడ పని చేస్తూ ఒక్కడినైనా కుర్చీలోంచి లేపావా?"

యజమాని గది ఎప్పుడూ చల్లటి డబ్బా. ఏసీ గుర్రుమంటూ ఉంటుంది. రోడ్డు వైపు పెద్ద కిటికీ ఉంది గానీ దాని మీద దళసరి పరదా, పరదా వెనక అంచుల వెంట అడ్డంగా నిలువుగా గోధుమరంగు టేపు. ఏసీ చెడిపోయిన రోజుల్లో కూడా ఆయన చెమటలు కక్కుతూ కూర్చున్నాడే గానీ ఆ కిటికీ తీయలేదు. ఆఫీసులో ఆయన్ని చాటుగా కెప్టెన్ అంటారు. కెప్టెను గారి కిటికీ తీస్తే బయట గాలుండదనీ, అందరం రివ్వున అంతరిక్షంలోకి పోతామనీ వాళ్ళ జోకు.

వాళ్ళు వెళ్ళేసరికి ఆయన బల్ల వెనక ఉన్నాడు. అలవాటు ప్రకారం బూట్లు బల్ల కింద విప్పేసి ఉన్నాయి. పక్కన సౌండాయన, అంటే పాత టేపులు శుభ్రం చేసి డిస్కుకి ఎక్కించే మనిషి, తన మిషను ముందు తల వంచుకుని కూర్చున్నాడు. తప్పు చేసినవాడికి కాకపోయినా తప్పు తెలిసినవాడికి ఉండే వంగుడు అది.

"చుక్క తెచ్చావా?" అన్నాడు కెప్టెన్ తలెత్తకుండా.

"చుక్కలు చూపిద్దామని నేనే వచ్చాను నాయనా," అంది ఓడమ్మ.

ఆయన లేచాడు. లేవాలనుకుని లేచింది కాదు, కాళ్ళు వాటంతటవే లేచాయి. ముక్కు మీదున్న కోపం ఎటు పోయిందో, ఒక్క క్షణం మొహం ఖాళీగా అయిపోయింది.

"అమ్మగారూ... కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదు. కానీ మోకాళ్ళు ఊరుకోవు, కూర్చుంటాను. ఏం నాయనా, నా గొంతు నీకు ఏం అపకారం చేసింది?"

"మీ గొంతుకి ఏ లోటూ చెయ్యలేదమ్మా. ఒకటి, రెండు, నాలుగు, అయిదు మొత్తం మీరే. మూడులో కూడా ఆ చివరి ఒక్క మాట తప్ప..."

"బాగుంది. ఇల్లంతా కట్టాం, గుమ్మం పెట్టడం ఒక్కటే మర్చిపోయాం అన్నట్టుంది. సంతలోకి వెళ్తే కూరలమ్మే వాడి దగ్గర నుంచి డాక్టరు దాకా నన్ను చెప్పమని అడిగేది ఆ ఒక్క మాటే. నాలుగు వంకాయలు ఎక్కువేస్తాడు వాడు ఆ మాటకి."

"టేపు అక్కడ పాడైపోయిందమ్మా. అందుకని కొత్తగా చెప్పించాం."

"టేపు పాడవలేదండి," అంది చెవులమ్మాయి.

ఎంత మెల్లిగా అందంటే, ఏసీ మోతలో ఆ మాట దాదాపు మునిగిపోయింది. కెప్టెన్ ఆమె వైపు తిరిగాడు. "నీకెవరు చెప్పారు?"

సౌండాయన ఇంకా వంగిపోయాడు.

"ఎవరూ చెప్పలేదండి. ఆ మాట వెనక ఓడ ఇంజను మోత పాతదే ఉంది. మోత చెడకుండా మాట ఒక్కటే ఎలా చెడుతుందండీ? పాలు బాగుండి మీగడ విరిగినట్టు."

చెప్పేశాక ఆమెకే ఆశ్చర్యమేసింది. తెలిసింది చెప్పేటప్పుడు భయం పక్కకి జరిగి కూర్చుంటుంది కాబోలు.

బల్ల మీద నమూనా పెట్టె ఒకటి ఉంటే, ఓడమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని అటూ ఇటూ తిప్పింది. ముక్కు దగ్గర నొక్కింది. మూత తెరుచుకుని, లోపల నీలం దీపం వెలిగింది. చిన్న స్పీకరులోంచి ఒక పిల్ల హుషారుగా పలికింది. "ఇల్లు ఇక్కడే ఉంది! మీరు వెళ్ళిరండి!"

"ఇదేం గొంతే తల్లీ!" ఓడమ్మ మూత ఠక్కున మూసేసింది. "సబ్బు అమ్ముతున్నట్టుంది. ఇల్లు వదిలిపోయే పిల్లలకి చెప్పే మాటా ఇది? ఈ పిల్ల వెళ్ళిరమ్మంటోందా, బయటికి తోసి తలుపేసుకుంటోందా?" సౌండాయన వైపు చూసింది. "పాతది ఉందా నీ దగ్గర?"

సౌండాయన కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ వద్దని తల ఊపాడు.

"వెయ్యి బాబూ," అంది ఓడమ్మ.

పాపం ఆయన తప్పు లేదు. చిన్నప్పుడు ఆ గొంతు 'తలుపులు మూయండి' అంటే తెర ముందు కూర్చుని తలుపులు మూసినట్టు చేతులు కదిపినవాడే ఆయన కూడా. చెయ్యి దానంతటదే మీట నొక్కింది.

ముందు ఇంజను మోత. ఆ మోతలోంచి, మంచులోంచి దీపం వచ్చినట్టుగా, మెల్లగా ఒక గొంతు.

"ఇల్లు ఇక్కడే ఉంది. మీరు వెళ్ళిరండి."

చెవులమ్మాయి, చూశారా ఎవరి గొంతో అన్నట్టు గర్వంగా అత్తగారి వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

ఓడమ్మ మొహంలో గర్వం లేదు. కనుబొమ్మలు ముడిపడి ఉన్నాయి. సంచిలో తన డబ్బా బదులు వేరేవాళ్ళ డబ్బా కనిపించిన మనిషిలా ఉంది.

"మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాడు.

"అమ్మాయ్," అంది ఓడమ్మ. ఎన్నడూ లేనిది, మెల్లిగా. "ఇది నేను కాదే."



"మీరు కాకపోవడమేంటి అత్తయ్యా? లోకమంతా..."

"లోకానికేం తెలుసు? నాకే తెలీదు. నేను ఆ సినిమాలు చూస్తే కదా!" అంది ఓడమ్మ. "చీకటి హాల్లో కూర్చుంటే నాకు ఊపిరాడదు, నీకు తెలుసుగా. అక్కడ నా పనల్లా ఒక ఇత్తడి బిందెలోకి వంగి, వాళ్ళు చెప్పమన్నది చెప్పడం. ఆ బిందెలోంచి వస్తేనే ఓడ పలికినట్టుండేదట. బొమ్మ చూపించేవాళ్ళు కాదు. వందల మాటలు చెప్పాను, దేన్ని ఎక్కడ అతికించారో నాకేం తెలుసు? జనం వచ్చి ఈ మాట చెప్పమంటే, సరే ఎప్పుడో చెప్పే ఉంటానులే అనుకున్నాను. మూడో భాగం సగంలో ఉండగానే నాకు నొప్పులొచ్చాయి. మీ ఆయన పుట్టింది అప్పుడే. అప్పుడంత తొందరపడి వచ్చినవాడు, ఇప్పుడు పదిసార్లు పిలిస్తే గానీ పలకడు. నేను లేచి తిరిగేసరికి, మిగతాది ఎలాగో సర్దేశాం అన్నారు. ఎలా సర్దారో నేనూ అడగలేదు."

"మరి ఇదెవరు?"

ఓడమ్మ కళ్ళు మూసుకుంది. "మళ్ళీ ఒక్కసారి వెయ్యి నాయనా... ఆ. అదీ. 'రండి' దగ్గర చూడు, చివర్న చిన్న ఊపిరి వదులుతుంది. నాకు మాటలు అందించేది కదూ ఆ పిల్ల! నేను బిందెలోకి వంగితే కాగితం కనపడదు. పక్కన కూర్చుని ఒక్కో మాటా నా చెవిలో చెప్పేది. ఏళ్ళ తరబడి నా చెవిలో కాపురమున్న గొంతు, మర్చిపోతానా? మాటలన్నీ తనకి నోటికొచ్చు. నేను లేనప్పుడు తనే చెప్పేసి ఉంటుంది." కళ్ళు తెరిచి బల్ల అవతలికి చూసింది. "ప్రొడ్యూసరు గారి భార్య. అంటే... నువ్వా! స్టూడియోలో వైర్ల మీద గెంతుతూ అందరి చేతా తిట్లు తిన్న బుజ్జిగాడివి నువ్వేనా?"

కెప్టెన్ కూర్చుండిపోయాడు.

"మా అమ్మ," అన్నాడు. ఆ మాట చాలా కాలంగా తెరవని డ్రాయరు లాగా కిర్రుమంటూ వచ్చింది. "సినిమాలో ఓడ తనని నడిపే పిల్లాడిని 'బుజ్జి కెప్టెన్' అంటుంది కదా. ఇంట్లో అమ్మ నన్ను పిలిచే పేరది. నాన్న తీసుకెళ్ళి సినిమాలో పెట్టాడు. మూడో భాగం హాళ్ళలోకి రాకముందే ఆవిడ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఎందుకో నాన్న చెప్పలేదు. ఫోటోలన్నీ తీసేశాడు. క్యాసెట్టులో ఆ చివరి ముక్క నేను తిప్పి తిప్పి వింటుంటే, ఒకరోజు వెనక నిలబడి, 'బాగా విను, మీ అమ్మే' అన్నాడు. క్యాసెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు." పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఇల్లు ఇక్కడే ఉందని లోకానికంతా చెప్పి, తను ఇల్లు వదిలిపోయిన మనిషి. ఆ మాటని పెట్టెలో పెట్టి, మూత తీసినప్పుడల్లా వినండి అని నేను అమ్మాలా?"

ఆయన మొహం తుడుచుకుని, మళ్ళీ యజమాని అయ్యాడు. చెవులమ్మాయి వైపు తిరిగాడు.

"తేలిపోయిందిగా. మీ అత్తగారికి నేను అన్యాయం చెయ్యలేదు. ఇక నీకు పేచీ ఏముంది? చుక్క పెట్టు. లారీ కింద ఎదురుచూస్తోంది."

న్యాయమే. ఆమె అత్తగారి వైపు చూసింది, ఏమైనా అంటుందేమోనని. జీవితంలో మొదటిసారి ఓడమ్మ ఏమీ అనలేదు. కోడలి వైపే చూస్తూ కూర్చుంది. నీ ఇష్టం అన్నట్టు. ఆ ఇంట్లో ఉప్పు ఎంతెయ్యాలో కూడా నీ ఇష్టం అని వినని పిల్ల.

చెవులమ్మాయి చేతిసంచిలోంచి స్టిక్కర్ల రేకు తీసింది. ఒక పచ్చచుక్కని గోటితో లేపి, వేలి కొసకి అంటించుకుంది. కెప్టెన్ మూడో డిస్కు ముందుకి జరిపాడు.

"పెట్టనండి," అంది.

"ఏంటీ?"

"అత్తయ్య గొంతని ఆపాననే అనుకున్నానండి నేను కూడా. కాదని ఇప్పుడు తెలిసింది. మా నాన్న రాత్రి డ్యూటీకి పోతే, ఆ మాట విని నేను పడుకునేదాన్ని. అప్పుడది ఎవరి గొంతో నాకు తెలీదు. అవసరం కూడా లేదు. ఇల్లు ఇక్కడే ఉంది అందిగా, చాలు అనుకునేదాన్ని. నాలాంటి పిల్లలే ఇప్పుడు పెద్దవాళ్ళయ్యి, వాళ్ళ పిల్లలకి చూపించాలని ఈ పెట్టె కొంటారండి. మూత తీస్తే వేరే ఎవరో పలుకుతారు. పిల్లలకి తెలీదు. కొన్నవాళ్ళకి తెలిసిపోతుంది." "మీకూ తెలుసు. తెలిసే కదండీ మార్చారు. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి. ఇంకో చెకింగమ్మాయిని పెట్టుకోండి. ఆ అమ్మాయికి చెవులు లేకుండా చూసుకోండి."

"శభాష్," అంది ఓడమ్మ పైకే. వెంటనే, అలవాటు తప్పిందని గుర్తొచ్చినట్టు, "గొంతు మాత్రం ఇంకాస్త పెంచాల్సింది," అని కలిపింది.

కానీ కోడలు అది వినలేదు. వేలి మీద చుక్కతో అలాగే నిలబడిపోయింది. చెవిలో ఏదో తిరుగుతోంది. 'రండి' చివర చిన్న ఊపిరి. ఆ ఊపిరి ఎక్కడిది? క్యాసెట్టులోది కాదు. ఇంకా దగ్గరిది. నిన్నటిది. మొన్నటిది. ఎవరి గొంతో ముందే తెలుసనుకుంటే చెవి ఇక వెతకదు. ఇన్నేళ్ళూ అది అత్తయ్య గొంతని నమ్మింది కాబట్టే, రోజూ పొద్దున్నే మొహం మీద పడుతున్నా గుర్తుపట్టలేదు.

ఆమె కిటికీ వైపు నడిచింది. పరదా పక్కకి లాగింది.

"దాన్ని ముట్టుకోవద్దు!"

కెప్టెన్ అరుపుకి సౌండాయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. యజమాని అరవడం ఎవరికీ కొత్త కాదు. కానీ ఇది యజమాని అరుపు కాదు. వేడి గిన్నె మీద చెయ్యి వెయ్యబోయే పిల్లని చూసి వేసే కేక అది.

చెవులమ్మాయి వెనక్కి తిరిగి ఆయన మొహం చూసింది. అర్థమైపోయింది. టేపు కొస పట్టుకుని బర్రున పీకింది. ఒక వైపు, రెండో వైపు. రెక్క బిగుసుకుపోయి ఉంటే భుజంతో తోసింది. ఏళ్ళ నాటి దుమ్ము రాలింది. ఎండా, హారన్లూ, పెట్రోలు వాసనా ఒక్కసారిగా గదిలోకి పడ్డాయి. ఎదురుగా, రోడ్డుకి అవతల, బస్టాండు. స్తంభం మీద మైకు.

"...మూడవ నంబరు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు తమ సామాను సరిచూసుకొనవలెను." చిన్న ఆగుడు. తర్వాత, ఎవరూ రాసివ్వని మాట. "జాగ్రత్తగా వెళ్ళిరండి." చివర్న ఊపిరి.

ఓడమ్మ చెంప మీద చెయ్యి వేసుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇక్కడున్నావా!"

"మీకు ముందే తెలుసు," అంది కోడలు కెప్టెన్‌తో.

ఆయన తల దించుకున్నాడు. "ఈ బిల్డింగుకి లిఫ్టు లేదు, నీళ్ళు సరిగ్గా రావు, ఎందుకు తీసుకున్నావని అందరూ తిడతారు. ఒకసారి ఇక్కడ కారు ఆగిపోతే దిగాను. మైకులో విన్నాను. మర్నాడే అద్దెకి తీసుకున్నాను." టేపు పీలికల వైపు చూశాడు. "మొదటి రోజు కిటికీ తీసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా విన్నాను. రెండో రోజు మూసేశాను. రోడ్డు దాటడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు."

ఓడమ్మ లేచింది. కొంగు బొడ్లో దోపింది. "అంత పెద్ద ఓడని పెట్టెలో పెట్టినవాడివి, ఇంత రోడ్డు దాటలేవా? సరే, నువ్వు రాలేవు. ఓడే వెళ్తుంది."

"అమ్మగారూ, వద్దు. నన్ను చూస్తే ఆవిడ..."

ఎవరు వింటున్నారు? మోకాళ్ళు ఒప్పుకోవన్న మనిషి మెట్లు దడదడా దిగిపోయింది.

కిటికీలోంచి చెవులమ్మాయి చూస్తూనే ఉంది. ఆ చీరలో ఓడమ్మ రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యి ఎత్తితే, అటొక లారీ ఇటొక బస్సు కిక్కురుమనకుండా ఆగిపోయాయి. ముందు గేటులోంచి లోపలికెళ్ళింది. మైకు గది తలుపు తీసింది. తలుపు మూసుకుంది.

మైకు గరగరమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత బస్టాండంతా, రోడ్డంతా, ఈ గదంతా నిండిపోయేలా ఓడ పలికింది.

"చుక్కల ఓడ బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. బుజ్జి కెప్టెన్ ఎక్కడున్నా వెంటనే ఓడ దగ్గరికి రావలెను."

కింద జనం నడుస్తున్నవాళ్ళు నడుస్తున్నట్టే ఆగిపోయారు. టీ బండి దగ్గర ఒకాయన గ్లాసు నోటి దాకా తెచ్చుకుని మర్చిపోయాడు. మైకులో, కాస్త దూరంగా, ఇంకో గొంతు వినిపించింది.

"ఏ... ఏ కెప్టెనక్కా?"

"ఏ కెప్టెనేంటే, నీ కొడుకు. ఎదురుగా ఆ మేడ మీదే ఉన్నాడు."

కెప్టెన్ కుర్చీ వెనక్కి పడింది. బల్ల కింద బూట్లు బల్ల కిందే ఉన్నాయి. వట్టి కాళ్ళతో మెట్ల మీద ఆయన దిగుతున్న చప్పుడు, తర్వాత హాల్లో ఏదో పెట్టె కింద పడి, "ఇల్లు ఇక్కడే ఉంది!" అని సబ్బు పిల్ల పలికిన చప్పుడు వినిపించాయి. చెవులమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో మైకులో కుర్చీ జరిగిన మోత.

"ఆగు. ఎక్కడికే? ఏమే, నిన్నే, ఆగమంటున్నానా!" ఇది ఓడ గొంతు కాదు, ఇంట్లో గొంతు. ఏదో తగిలి మైకు కీచుమంది. తర్వాత ఏమీ లేదు.

కెప్టెన్ రోడ్డు దాటుతున్నాడు. కాలే తారు మీద గెంతుతూ, స్టూడియోలో వైర్ల మీద గెంతినట్టే, ముందు గేటు వైపు పోతున్నాడు. ఆయన కళ్ళు మైకు గది తలుపు మీదే ఉన్నాయి. పై నుంచి చూస్తున్న ఆమెకి మాత్రం బస్టాండు రెండో వైపు కూడా కనిపిస్తోంది. వెనక తలుపులోంచి భుజానికి సంచి తగిలించుకుని ఒకావిడ గబగబా బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, వంచిన తల. అయిదవ నంబరు ప్లాట్‌ఫారం మీద కదలబోతున్న బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

బస్సు కదిలింది. ఆ స్టాండులో మొదటిసారిగా, ఎవరూ వెళ్ళిరమ్మని చెప్పకుండా ఒక బస్సు కదిలింది.

సౌండాయన కిటికీ దగ్గరికి రాలేక అక్కడి నుంచే "ఏమైంది? ఏమైంది?" అంటున్నాడు. చెప్పే తీరిక లేదు. కెప్టెన్‌కి ఆ బస్సు కనపడదు. బస్సులో ఆవిడకి వెనక పరిగెత్తుకొస్తున్న కొడుకు కనపడడు. ఇద్దరూ కనపడేది ఈ లోకంలో ఒక్క మనిషికే. అరిస్తే వెనకున్న పిల్లి కూడా లేవని మనిషికి.

చెవులమ్మాయి వేలి మీది పచ్చచుక్కని కిటికీ రెక్కకి అంటించింది. రెండు చేతులూ గట్టు మీద ఆనించి, నడుము దాకా బయటికి వంగి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పూర్తిగా నోరు తెరిచింది.